ఎవరి పేరున పెట్టిన ఆకు

తమిళనాడులోని ధర్మపురి బస్టాండు వెనకాల విత్తనాల కొట్టు ఒకటుంది. దాని మీది అంతస్తులో ఒక చిన్న ఆఫీసు. ఎనిమిది కంప్యూటర్లు, నీళ్లు కారే ఒక ఏసీ, గోడకి వంకరగా వేలాడే క్యాలెండరు. కింద కొట్లోంచి వేపపిండి వాసన మెట్లెక్కి పైకి వచ్చేస్తుంది. బెంగుళూరు కంపెనీ ఒకటి పంపే బిల్లుల్ని సరిచూసి తిప్పి పంపడం అక్కడి పని. ఆ ఆఫీసులో భయపడదగ్గది ఏదైనా ఉందంటే అది ఓనరు బాలసుందరం కోపం ఒక్కటే.

శక్తి అక్కడ పనిచేసేవాడు. వాళ్ల నాన్న కుప్పన్ మోకాళ్లు అరిగినా సెంట్రింగు పనికి పోతాడు. అమ్మ మునియమ్మాళ్ కాంక్రీటు గంపలు మోసి మోసి ఇప్పుడు మెడ సరిగ్గా తిప్పలేదు. ఇంట్లో తెలుగు, వీధిలోకొస్తే అరవం, ఆఫీసులో రెండూ కలిపి కొట్టిన ఒక రకం ఇంగ్లీషు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని సంపాదించిన మొదటి మనిషి వాడే. అందుకే వాడికి కుర్చీ అంటే కాస్త పిచ్చి. పెద్ద కుర్చీ అంటే ఇంకాస్త పిచ్చి.

పక్క కుర్చీ ఇళవరసిది. రోజూ తన ఊరు పిక్కిలి నుంచి పెన్నాగరం మీదుగా బస్సులో వచ్చేది. సోడాబుడ్డి కళ్లద్దాలు, నవ్వితే కింద విత్తనాల కొట్టుదాకా వినపడే గొంతు. ఆ పిల్ల రాకముందు ఎనిమిది మిషన్లదీ ఎనిమిది దారులు. ఒకదాంట్లో అక్షరాలు చీమల్లా ఉండేవి, ఒకదాంట్లో బిల్లుల ప్రోగ్రాము పాతది, ఇంకోదాంట్లో ఎవరో ఏదో నొక్కి కీబోర్డు భాషే మార్చేశారు. ఒక మిషను మొరాయిస్తే కొత్తదాన్ని దారికి తెచ్చుకునేసరికి ఒక పూట గంగలో కలిసేది.

ఇళవరసి అన్నిటికీ కలిపి ఒకే ఒక ఫైలు రాసింది. మిషను ఎలా ఉండాలో అందులో చెప్పింది. ఏ ప్రోగ్రాములు ఉండాలి, అక్షరం ఎంత ఉండాలి, తెర ఏ రంగు, ఏ మీట నొక్కితే ఏం జరగాలి. ఆ ఫైలు ఇచ్చి ఒక్క ఆజ్ఞ వేస్తే చాలు. మిషను తనను తాను చూసుకుని, ఫైల్లో ఉన్నది తెచ్చిపెట్టుకుంటుంది, లేనిది తీసి పారేస్తుంది. ఏమీ లేని ఖాళీ మిషనైనా సరే, కిందికి పోయి టీ తాగి వచ్చేలోగా అచ్చం పాతదైపోతుంది.

శక్తికి మొదట్లో ఇది బుర్రకెక్కలేదు.

"అంతా బాగుండాది. ఎట్ల చేయల్లో యాడ రాసినావు?" అని అడిగాడు.

"అది రాయను. ఏముండల్లో మాత్రం రాస్తా," అంది ఇళవరసి. "మా అవ్వకి పడయల్ పెడతాము గదా? ఆకులో ఏమేముండల్లో అమ్మ చెప్తాది. ఎట్ల వండినారని అవ్వ వచ్చి అడగతాదా? తనకిష్టమైంది ఉండాదా, పేరు పెట్టి పిలిచినారా, అంతే. వచ్చి తినిపోతాది."

పడయల్ అంటే వాళ్ల ఇళ్లల్లో పోయినవాళ్లకి పెట్టే ఆకు. వాళ్లకి నచ్చిన తిండి, వాళ్లు వాడిన వస్తువులు అన్నీ సర్ది, తలుపు మూసి అందరూ బయటికి వచ్చేస్తారు. పెద్దవాళ్లు ఒకరు పేరు పెట్టి పిలుస్తారు. కాసేపాగి తలుపు తట్టి తెరుస్తారు. ఆ కాసేపట్లో పోయినవాళ్లు వచ్చి తిని పోతారు. శక్తి ఇంట్లోనూ ఇదే పద్ధతి. అందుకే ఆ మాటతో వాడికి ఫైలు సంగతి ఠక్కున అర్థమైంది.

ఫైలు చివర తన సొంత మిషను కోసం ఇంకొంత రాసుకుంది ఆ పిల్ల. కళ్లకి ఇబ్బంది లేకుండా నల్లటి తెర, దాని మీద పెద్ద పెద్ద తెల్లటి అక్షరాలు. పొద్దువాలగానే తెర వెలుగు పసుపుకి తిరగాలి. అక్కడక్కడా పక్కన తనకు తాను చెప్పుకున్న మాటలు, ఇంటి తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాల్లో. తెలుగు లిపి వాళ్లిద్దరికీ రాదు మరి. 'ఇది తీసేయొద్దు, కన్ను నొస్తాది.' 'ఇది ఇళవరసికి మాత్రమే.' సాయంత్రం బస్సు వేళకి మిషన్లోంచి వాళ్లమ్మ సెల్లమ్మాళ్ గొంతు పలికేది. ఫోన్లో పట్టి తెచ్చి పెట్టుకుంది. "ఇళా, టైమాయె. రామ్మా." ఆ గొంతు వినపడగానే ఆఫీసంతా నవ్వేది. ఇక మిషను తెరవగానే తెర మీద అన్నిటికంటే పైన ఒక వరస. 'ఈ ఏర్పాటు రాసింది ఇళవరసి.'

ఐప్పసి నెల వానల్లో ఆమెకి జ్వరం వచ్చింది. ఆఫీసుకి రాలేదు. అందరూ మామూలు జ్వరమే అనుకున్నారు. ఆ వారం దాటకుండానే పోయింది. పెళ్లి కాలేదు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎవరూ లేరు. సెల్లమ్మాళ్‌కి ఉన్నది ఆ ఒక్క బిడ్డ.

ఆమె పోయిన కొద్ది రోజులకి బెంగుళూరు వాళ్లు వీడియోలో మాట్లాడుతూ బాలసుందరాన్ని అడిగారు. మీ ఆఫీసులో మాత్రం మిషన్లు చెడిపోవు, చెడిపోయినా ఇట్టే లేచి కూర్చుంటాయి, ఎవరు చేశారది? బాలసుందరానికి ఎవరు చేశారో తెలియదు, మిగతావాళ్లూ పట్టించుకోలేదు. ఆయన కుర్చీ తిప్పి శక్తి వైపు చూశాడు.

"నేనే సార్," అన్నాడు శక్తి.

నోరు జారింది అనుకోవడానికి వీల్లేదు. ఆ మాటకి ముందు వాడు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో నాన్న మోకాళ్లు, అమ్మ మెడ, పెద్ద కుర్చీ అన్నీ కళ్ల ముందు తిరిగాయి. పోయిన మనిషికి పేరెందుకు అని కూడా అనుకున్నాడు. అన్నీ అనుకున్నాకే అన్నాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఫైలు తెరిచాడు. ఒక మాటని వెతికి ఇంకో మాటగా మార్చే మీట ఒకటుంటుంది. ఇళవరసి అని ఉన్న ప్రతిచోటా శక్తి అని మార్చమన్నాడు. ఒక్క నొక్కు. ఏయే చోట్ల మారిందో ఒక్కసారి పైనుంచి కిందిదాకా చదువుకోవడం ఆ పని చేసేవాళ్లు ఎవరైనా చేసేదే. శక్తి చదవలేదు. ఆ పిల్ల రాసుకున్న మాటల్లోకి చూడటానికి వాడికి ముఖం చెల్లలేదు.

బెంగుళూరు వాళ్లు తమ ఆఫీసులన్నిటి మిషన్లూ శక్తి చేతికిస్తామన్నారు. తలకి ఆనుకునే దిండున్న కుర్చీ వచ్చింది. కుప్పన్ టీకొట్టు దగ్గర కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. "మావోడు ఏందో రాసినాడంట. దాంతోనే మిషన్లన్నీ నడస్తా ఉండాయంట." శక్తి ఆ టీకొట్టు ముందునుంచి పోవడం మానేసి పక్క సందులోంచి తిరిగి పోసాగాడు. నాన్న సంతోషం వాడికి ముల్లులా గుచ్చుకునేది.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం సెల్లమ్మాళ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కూర్చోమంటే కూర్చోకుండా, కూతురి కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"శుక్రవారం కరుమాది అప్పా, బిడ్డకి కర్మ చేసే దినం. పొద్దువాలే వేళకి పడయల్ పెడతాము," అంది శక్తితో. "బిడ్డకి తిండి కన్నా ఈ మిషనంటేనే ప్రాణం. అది తను పెట్టుకున్యట్టే చేసి ఆకు ముందర పెడితే చూసుకుంటాది గదా. నీకు తెలుసునంట. నీ గురించి శానా చెప్తా ఉండ్య."

శక్తి ఆమె చేతి కిందున్న కుర్చీ వైపు చూశాడు. తల ఊపాడు.

నిజానికి అది చిటికెలో పని. మార్చిన ప్రతిసారీ పాత ఫైలు వెనకాల భద్రంగా ఉంటుంది. ఒక్క ఆజ్ఞతో వెనక్కి పోవచ్చు. ఇళవరసి వాడిన లాప్‌టాప్ ఆఫీసు బీరువాలోనే ఉంది, అంతా తుడిచేసి ఖాళీగా. దానికి ఆమె పేరున్న పాత ఫైలు ఇస్తే సరిపోయేది. శక్తి అలాగే చేద్దామనుకున్నాడు. చేసేవాడే.

"పాపం, మంచి పిల్ల. నేనూ వస్తా, కార్లో పోదాం," అన్నాడు బాలసుందరం.

ఆయన వస్తే తెర చూస్తాడు. తెర చూస్తే పైనున్న వరస చదువుతాడు. శక్తి శుక్రవారం మధ్యాహ్నం లాప్‌టాప్‌కి తన పేరున్న ఫైలే ఇచ్చాడు. మిషను తనను తాను సర్దుకుంది. నల్లటి తెర వచ్చింది, పెద్ద అక్షరాలు వచ్చాయి. ఆ పిల్ల పక్కన కూర్చున్నట్టే ఉంది. పైన మాత్రం శక్తి అని ఉంది. మూత మూసి సంచిలో పెట్టుకున్నాడు.

పిక్కిలి చేరేసరికి జల్లు మొదలైంది. కరెంటు లేదు. సెల్లమ్మాళ్ ఇల్లు ఊరి చివర, రెండే గదులు, ముందు రేకుల వసారా. లోపలి గదిలో ప్రమిద వెలుగు. తడిసిన మట్టి గోడ వాసన, సాంబ్రాణి పొగ, దాని కింద వేడి నూనె వాసన. గోడకి ఆనించి ఇళవరసి ఫొటో. దాని ముందు ఉతికి మడిచిన బట్టలు, వాటి మీద సోడాబుడ్డి కళ్లద్దాలు. తలుపు వైపు పెద్ద అరిటాకు. రాగి సంగటి, టమోటా పచ్చడి, మురుకులు, హొగేనక్కల్ నుంచి తెప్పించి కారం పట్టించి వేయించిన చేప.

సెల్లమ్మాళ్ అన్న మారెప్ప అన్నీ సర్దుతున్నాడు. పెద్దమనిషి, మాట తక్కువ. శక్తి చేత లాప్‌టాప్ తెరిపించి ఆకు పక్కన పెట్టించాడు.

సెల్లమ్మాళ్ వచ్చి దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తెర వెలుగు ఆమె ముఖం మీద పడింది. ఆమెకి ఏ లిపీ రాదు. అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా అడిగింది.

"ఇదేనా తన పేరు? ఉండాదా దీంట్లో?"

బాలసుందరం గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఉండాదమ్మా, పేరుండాది," అన్నాడు శక్తి.

అబద్ధం ఆడలేదని తనకు తాను చెప్పుకున్నాడు. పేరైతే ఉంది. ఎవరిదో ఆ వేలికి తెలియదు, అంతే. ఆమె ఆ అక్షరాల్ని తడిమి, ఆ వేలిని కళ్లకద్దుకుంది. అప్పుడు వాడికి నేల చీలితే బాగుండుననిపించింది.

అందరూ వసారాలోకి వచ్చారు. మారెప్ప తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టాడు.

మబ్బుకి ముందే చీకటి. రేకు మీద జల్లు చప్పుడు. ఎక్కడో దూరంగా ఒక కుక్క మొరిగి, మధ్యలోనే మానేసింది. తలుపు సందుల్లోంచి చేప వేపుడు వాసన గుప్పున వస్తోంది. శక్తికి చేప పడదు. చిన్నప్పుడు ఒకసారి వాంతి చేసుకున్నప్పటి నుంచి నోట పెట్టింది లేదు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇళా..." సెల్లమ్మాళ్ పిలిచింది. గొంతెత్తలేదు. పక్క గదిలో చదువుకుంటున్న బిడ్డని పిలిచినట్టు పిలిచింది. "తినేకి రామ్మా..."

జల్లు పడుతూనే ఉంది.

"ఇళా... అంతా నీకిష్టమైందే పెట్టినాము..."

తలుపు కింద సందులో మిషను తెర వెలుగు సన్నటి తెల్లగీతలా కనపడుతోంది. శక్తి దాన్నే చూస్తున్నాడు. చూస్తూ ఉండగా అది పసుపుకి తిరిగింది. ఫైల్లో రాసున్నదే, పొద్దువాలితే తిరగాల్సిందే. తెలిసినా ఒక అడుగు వెనక్కి వేశాడు.

తర్వాత ఆ పసుపు గీత మధ్యలో తెగింది.

ఎవరో అడ్డం వచ్చి నిలబడితే తెగినట్టు... అంతే వెడల్పున... నల్లగా.

శక్తి తల తిప్పి చూశాడు. పక్కన ఎవరూ దాన్ని చూడటం లేదు. సెల్లమ్మాళ్ కళ్లు మూసుకుని ఉంది. మారెప్ప వాన వైపు చూస్తున్నాడు.

లోపలి నుంచి గొంతు వినపడింది. సెల్లమ్మాళ్ గొంతు. బయట పెదాలు బిగించి నిలబడిన సెల్లమ్మాళ్ గొంతే, లోపలి నుంచి.

"శక్తీ... టైమాయె. రాప్పా."

సెల్లమ్మాళ్ కళ్లు తెరిచింది.

"నా గొంతు అది," అంది గుసగుసగా. "నేను... నీ పేరు ఎప్పుడప్పా పలికినాను?"

శక్తి జవాబు చెప్పబోయాడు. మిషన్లో ఏదో తప్పు అందామని నోరు తెరిచాడు.

మాట రాలేదు. నోట్లో ఏదో ఉంది.

మెత్తగా... వేడిగా... సంగటి. దాని వెంటే టమోటా పులుపు. వాడు చేత్తో నోరు తడుముకున్నాడు. ఏమీ లేదు. నోరు ఖాళీ. కానీ దవడలు వాటంతట అవే కదులుతున్నాయి. ఆపుదామని పళ్లు బిగించాడు. ఆగలేదు. గొంతు మింగింది. తర్వాత కారం... నూనె... చేప. నాలుక మీద ముల్లు గుచ్చుకుంది. వాంతి వస్తుందనుకున్నాడు. రాలేదు. ఇంకో ముద్ద వచ్చింది. మింగాడు. మళ్లీ మింగాడు.

మారెప్ప చేతిలోని టార్చి వాడి ముఖం మీద పడింది.

"ఏమప్పా... ఏం తింటా ఉండావు?"

శక్తి తల అడ్డంగా ఊపాడు. నోరు మాత్రం నములుతూనే ఉంది. అందరూ చూస్తున్నారు. పరాయి ఇంట్లో దొంగతనంగా తింటూ పట్టుబడ్డవాడిలా నిలబడ్డాడు.

వసారా ఆ చివరన నిలబడిన బాలసుందరం ఒక్కడే ఇదంతా గమనించలేదు. ఆయనకి ఇంటి తెలుగు కొంచెం అర్థమవుతుంది, మాట్లాడడు. సెల్లమ్మాళ్ అడిగిన దానికి నచ్చజెప్పినట్టు అరవంలో అన్నాడు. "భయపడకమ్మా. ఈ మిషను ఏర్పాటంతా మా శక్తి రాసిందే. అతని పేరు మీదే ఉంది. అందుకే ఆ పేరు పలికింది."

సెల్లమ్మాళ్ శక్తి వైపు చూసింది.

తన కూతురు పగలూ రాత్రీ కూర్చుని ఏం రాసిందో ఆమెకి చదవడం రాకపోవచ్చు. రాసింది ఎవరో ఆమెకి తెలుసు. కోప్పడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, తలుపు వైపు తిరిగింది. ఆమె తిట్టి ఉంటే శక్తి బతికిపోయేవాడు. సిగ్గు కాళ్ల నుంచి పైకి పాకి మెడ దగ్గర ఆగినట్టైంది. నోట్లో చేప రుచి అలాగే ఉంది.

మారెప్ప తలుపు తట్టి తెరిచాడు. ప్రమిద నిలకడగా వెలుగుతోంది. ఆకు మీద సంగటి ముద్ద చెదరలేదు. చేప ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. గదిలో ఎవరూ లేరు.

"పొద్దున గోడ మీద కాకికి పెట్టల్ల. కాకి ముట్టితేనే బిడ్డ తిన్యట్టు," అన్నాడు మారెప్ప. అందరూ భోజనానికి వసారాలో కూర్చున్నారు.

మిషను మూసి తెస్తానని శక్తి ఒక్కడే లోపలికి పోయాడు. కూర్చుని, పాత ఫైలుకి వెనక్కి పోయాడు. పైన ఇప్పుడు ఇళవరసి అని ఉంది. కింద కూడా. ప్రతిచోటా ఆమె పేరే. బాలసుందరం వచ్చి చూస్తే చూడనీ అనుకున్నాడు. ఆ గదిలో, ఆ కళ్లద్దాల ముందు, అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది. ఆజ్ఞ వేశాడు.

మిషను తనను తాను చూసుకుంది. ఎప్పుడూ పట్టేంత సేపే పట్టింది.

'మార్చాల్సింది ఏమీ లేదు.'

తెర పైన శక్తి అనే ఉంది. మళ్లీ వేశాడు. మళ్లీ అదే జవాబు. ఫైల్లో ఒక పేరు, తెర మీద ఒక పేరు. రెండూ ఒకటేనంటోంది మిషను.

ఫైలు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మొదటిసారి చదవాల్సినది అప్పుడు చదివాడు. కన్ను నొస్తాదన్న మాట, ఇళవరసికి మాత్రమేనన్న మాట. అన్నీ దాటి అట్టడుగుకి వచ్చాడు. అక్కడ, ఎప్పుడూ ఏమీ లేని చోట, ఇంటి తెలుగులో, ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో వరస ఉంది.

'చేప బాగుండ్యా?'

మూత ఠపీమని మూశాడు.

కార్లో తిరిగొస్తూ బాలసుందరం కొత్త ఆఫీసుల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. శక్తి సంచిని ఒళ్లోంచి దించి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చాక మునియమ్మాళ్ అన్నం పెట్టబోతే ఆకలి లేదన్నాడు. నిజంగానే లేదు. కడుపు నిండి ఉంది, పెళ్లి భోజనం చేసినట్టు. వెల్లకిలా పడుకుని, నాలుక మీది ముల్లుని పంటితో వెతుక్కుంటూ తెల్లవార్లూ మేలుకునే ఉన్నాడు.

తెల్లారింది. వాన వెలిసింది. కుప్పన్ పనికి పోవడానికి తలకి తుండు చుట్టుకుంటున్నాడు. పెరట్లో మునియమ్మాళ్ పొయ్యి మీద ఇడ్లీలు దించుతోంది. శక్తి ఫోను మోగింది. సెల్లమ్మాళ్.

"అప్పా," అంది. ఏడ్చి ఏడ్చి అరిగిన గొంతు. "కాకి ముట్టలేదప్పా. పొద్దున్నించి గోడ మీద పెట్టుకొని చూస్తా ఉండాను. వస్తాయి, చూస్తాయి, పోతాయి. ఇది మాకు కాదన్యట్టు పోతాయి." వెనకాల ఒక కాకి అరిచింది. "నిన్న నేను వేలు పెట్టిన కాడ... ఎవురి పేరుండ్య?"

కుప్పన్ కొడుకు వైపు చూసి నవ్వాడు. ఆఫీసు ఫోననుకున్నాడు. పొద్దున్నే కొడుక్కి పెద్ద పెద్దవాళ్లు ఫోన్లు చేస్తారని రేపు టీకొట్లో చెప్తాడు. ఆ నవ్వు చూస్తూ నిజం చెప్పడం కన్నా ఇంకో అబద్ధం ఎంతో తేలిక. శక్తి గోడ వైపు తిరిగాడు.

"నాది అమ్మా," అన్నాడు. "రాసింది ఇళవరసే. అంతా తనదే. నేను... తన పేరు తీసి నా పేరు పెట్టుకున్యాను. సార్‌కి అబద్ధం చెప్పినాను. నీకూ చెప్పినాను. ఈ పొద్దే పోయి అందరికీ చెప్తాను."

తిడుతుందని కాచుకున్నాడు. తిడితే బాగుండునని ఆశపడ్డాడు.

"అయితే..." అంది సెల్లమ్మాళ్. గొంతులో కోపం లేదు. భయం ఉంది. "ఆ ఆకు నీకా పెట్టినాను నేను? బతికుండే బిడ్డకా?"

ఫోను ఆగిపోయింది.

శక్తి అలాగే గోడ పట్టుకుని నిలబడ్డాడు. పెరట్లో మునియమ్మాళ్ ఇడ్లీలు గిన్నెలో వేసి, పచ్చడి పోసి, ఎప్పటిలాగే బట్టలుతికే బండ మీద పెట్టింది. మెడ తిప్పలేక మనిషే మొత్తం ఇంటి వైపు తిరిగి కేకేసింది.

"శక్తీ... చల్లారిపోతాది, తినేకి రా!"

పిట్టగోడ మీంచి ఒక కాకి దిగి వచ్చింది. గిన్నె అంచు మీద కూర్చుని, ఇడ్లీ తుంచి తినసాగింది. మునియమ్మాళ్ చెయ్యి విసిరింది. అదిలించింది. పొయ్యి కట్టె తీసి ఎత్తింది. అది కదల్లేదు. తనకే పెట్టినట్టు, తననే పిలిచినట్టు, తొందర లేకుండా తింటోంది.

ఇంట్లో గోడ దగ్గర నిలబడిన శక్తి నోట్లోకి పచ్చడి కారం వచ్చింది. వాడి దవడలు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి.